సముద్రం పాలు

వానాకాలం వస్తే మన పత్రికల జిల్లా పేజీల్లో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: ‘సముద్రం పాలు’. ఇన్ని టీఎంసీలు సముద్రం పాలు, ఇన్ని వేల క్యూసెక్కులు సముద్రం పాలు. 2022 ఆగస్టు ఆఖర్లో మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయరు గేటు ఒకటి కొట్టుకుపోయినప్పుడు జనం అనుకున్నదీ అదే. మరుసటేడు డిసెంబరులో, మిగ్‌జాం తుఫాను దాటిన రోజుల్లో, ఇంకో గేటు పోయినప్పుడూ అదే. ఆ రిజర్వాయరు నిండా నిండితే 3.86 టీఎంసీలు. నిండేదే ఎప్పుడో ఒకసారి. అలాంటిది కళ్ళముందే ఖాళీ అవుతుంటే కడుపు మండదా? మండుతుంది. ఆ మంటని తప్పుపట్టడానికి కాదు ఇది రాస్తున్నది. ఆ మాటలో ఇంకో అర్థం కూడా ఉంది, దాని వెంట పోతే ఎక్కడ తేలతామో చూద్దామని.

మంటల పాలు, దొంగల పాలు, అప్పుల పాలు, నవ్వుల పాలు. ఈ వరసలో ‘సముద్రం పాలు’ అంటే పోయింది, ఇక రాదు అని. కానీ పాలు అంటే వాటా కూడా. అన్నదమ్ములు పొలం పంచుకుంటే ఎవడికొచ్చింది వాడి పాలు. అలా పంచుకున్న వంశంలో వాళ్ళు మనకి పాలోళ్ళు. పుస్తకాల భాషలో దాయాదులు. గట్టు దగ్గర గొడవ పడేదీ వాళ్ళతోనే, చస్తే పది రోజులు మైల పట్టాల్సిందీ వాళ్ళకే. మాటల్లేకపోయినా మైల తప్పదు. ప్రేమతో పనిలేని సంబంధం అది.

నీళ్ళు సముద్రం పాలయ్యాయి అన్నప్పుడు, పొరపాటున మనం నిజమే చెబుతున్నామేమో అని నా అనుమానం. అది సముద్రం పాలే. దాని వాటాయే.

ఈ మాట పశ్చిమ ప్రకాశంలో నిలబడి అనడం అంత తేలిక కాదు. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, యర్రగొండపాలెం వైపు బోర్లలో నీళ్ళు పడటం ఒక కష్టమైతే, పడ్డ నీళ్ళలో ఫ్లోరైడ్ ఇంకో కష్టం. గారపట్టిన పళ్ళతో పిల్లలు, నడుములు వంగిపోయిన పెద్దవాళ్ళు ఉన్న ఊళ్ళివి. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి వరద రోజుల్లో 43.5 టీఎంసీల కృష్ణ నీళ్ళు నల్లమల కిందుగా, దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాల్లోంచి ఇటు రావాలి. జంట సొరంగాలని జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. అంటే శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డకి అప్పటికి ఇరవయ్యెనిమిదేళ్ళు. ఆ తర్వాత కూడా పనులు మిగిలే ఉన్నాయి. ఇలాంటి చోట ‘సముద్రానికి కూడా వాటా ఉంది’ అంటే విన్నవాళ్ళు మనిషిని ఎగాదిగా చూస్తారు.

సముద్రం ఇక్కడికి దూరం. కళ్ళతో చూడకుండా ముసలితనం దాకా వచ్చినవాళ్ళు ఉంటారు. అయినా కాళ్ళ కింద ఉన్నది సముద్రమే. మార్కాపురం పలక, మన అమ్మానాన్నలు అక్షరాలు దిద్దిన నల్లటి పలక, ఒకప్పుడు కడలి అడుగున పేరుకున్న బురద. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన బురద. అందులో ఎంత వెతికినా ఒక్క ఆల్చిప్ప ముక్క దొరకదు. గుల్ల కట్టుకునే ప్రాణులు భూమ్మీదికి రావడానికి అప్పటికింకా చాలా కాలం ఉంది.

ఇప్పుడున్న సముద్రానికి ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి. గిద్దలూరు మీది సగిలేరు దక్షిణంగా కడప వైపు దిగి పెన్నలో కలుస్తుంది, నెల్లూరు దాటి సముద్రంలో పడుతుంది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మని కంభం దగ్గర కొండల సందున కట్ట వేసి ఆపారు, విజయనగరం కాలంలో. వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే ఆ చెరువుకి 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. అలుగు పారిన ఏడు ఆ నీళ్ళు మార్కాపురం ప్రాంతం మీదుగా, వినుకొండ వైపు తిరిగి, అద్దంకి, మల్లవరం దాటి ఒంగోలుకి తూర్పున సముద్రాన్ని చేరతాయి.

నీళ్ళు ఒట్టి నీళ్ళుగా పోవు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకి పైగా నైట్రోజన్ ఉంటుంది. మిరపకో పత్తికో వేస్తే అందులో దాదాపు సగమే పైరుకి అందుతుంది. మిగతాది కొంత గాల్లో కలుస్తుంది, కొంత నేలలోకి దిగుతుంది, కొంత వాన వచ్చినప్పుడు వాగు పడుతుంది. (కంది వేసినవాళ్ళని ఈ లెక్కలోంచి తీసేయొచ్చు. దానికి కావలసిన నైట్రోజన్ చాలావరకు దాని వేళ్ళ దగ్గరే తయారవుతుంది.) దానికి పట్టణాల మురుగు, పశువుల పేడ, కింద తీరం దగ్గర రొయ్యల చెరువుల నీళ్ళు తోడు. ఇవన్నీ తిండే. తిండి ఎక్కువైతే ఏట్లో కంటికి ఆనని నాచు విపరీతంగా పెరుగుతుంది. చచ్చి అడుక్కి దిగి కుళ్ళుతుంది. కుళ్ళడానికి నీళ్ళలోని ఆక్సిజన్ అంతా లాక్కుంటుంది. చేపలు తేలతాయి.

అలా జరగకుండా మధ్యలో అడ్డం పడేవాటిలో ఒకటి, ఏటి మొగల్లో బురద పట్టుకుని ఉండే గుల్లలు.

మన తీరంలో ఈ పని చూడాలంటే గుండ్లకమ్మ నుంచి ఉత్తరంగా చాలా దూరం పోవాలి, కాకినాడ ఖాతానికి. భీమిలి దగ్గర గోస్తని మొగలో ఆయిస్టర్లున్నాయి, కింద పులికాట్‌లోనూ ఉన్నాయి గానీ, గుల్లలకి పెట్టింది పేరు కాకినాడ. గోదావరి పాయలు, కోరంగి మడ అడవులు, బయట అడ్డంగా హోప్ ఐలండ్. లోపల తక్కువ లోతు, మెత్తటి బురద. ఆ బురదలో రకరకాల గుల్లలు. పల్చగా, వెలుగు దూరేలా ఉండే ఒక రకం ఆల్చిప్పని గోవాలో పాత ఇళ్ళవాళ్ళు కిటికీలకి అద్దాల బదులు వాడుకున్నారు. ఇంకో రకం, గాట్లుగాట్లుగా ఉండే గుల్ల, బురదలో కూరుకుని బతుకుతుంది. దాని రక్తం ఎరుపు. మామూలుగా గుల్లజాతి ప్రాణులకి ఎర్ర రక్తం ఉండదు. దీనికి మనలాగే హిమోగ్లోబిన్. గాలాడని బురదలో బతకాలి కదా, ఉన్న కాస్త ఆక్సిజన్ని పట్టుకోవడానికి. రక్తసంబంధం అని సరదాకి అనుకోవచ్చు.

గుల్ల చేసేది తినడమే. నీళ్ళు లోపలికి పీల్చి, మొప్పల మీద నాచుని పట్టుకుని, నీళ్ళు బయటికి వదులుతుంది. పెద్ద ఆయిస్టర్ ఒకటి, వేడీ ఉప్పదనం అన్నీ కుదిరితే, రోజుకి 190 లీటర్ల దాకా వడగడుతుందని అమెరికాలో చెప్పే లెక్క. అది గరిష్ఠం. మామూలు రోజుల్లో అంతకంటే చాలా తక్కువ. అయినా లక్షల్లో ఉంటాయి కాబట్టి చిన్న లెక్కయినా పెద్దదవుతుంది.

తిన్న నైట్రోజన్ మూడు దార్లు పడుతుంది. కొంత ఒళ్ళూ చిప్పా అవుతుంది. కొంత అమ్మోనియాగా వెంటనే నీళ్ళలోకి వచ్చేస్తుంది, దాన్ని తిని నాచు మళ్ళీ పెరుగుతుంది. అంటే గుల్ల ఒక చేత్తో కోస్తూ ఇంకో చేత్తో ఎరువేస్తూ ఉంటుంది. ఇక మూడోది అసలు విషయం. జీర్ణమైన దాని విసర్జనా, నచ్చక బంకలో చుట్టి ఉమ్మేసిన దాని ఉండలూ అడుగు బురదలో పడతాయి. బురద పైపొరలో కాస్త గాలి ఉంటుంది. అక్కడి బాక్టీరియా అమ్మోనియాని నైట్రేట్‌గా మారుస్తాయి. రెండు వేళ్ళ లోతుకి పోతే గాలి ఉండదు. అక్కడ వేరే బాక్టీరియా ఆ నైట్రేట్‌ని విరగ్గొట్టి, ఒట్టి నైట్రోజన్ వాయువుగా వదిలేస్తాయి. అది బుడగై పైకి లేచి, ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే, గాల్లోకి పోతుంది. ఎరువుల ఫ్యాక్టరీలో వందల డిగ్రీల వేడీ, వందల రెట్ల పీడనం పెట్టి గాల్లోంచి లాగిన నైట్రోజన్ని, ఏ వేడీ లేకుండా బురదలో కూర్చుని వెనక్కి పంపేస్తున్నాయన్నమాట. భాస్వరానికి ఈ దారి లేదు. దానికి గాల్లోకి పోయే రూపం లేదు, బురదలోనే పూడుకుని ఉండాలి.

ఇందులో గుల్ల ఒక్కదాని గొప్పేం లేదు. అది తిండిని పై నీళ్ళలోంచి కింది బురదలోకి దించే మోతగత్తె మాత్రమే. మిగతాది బాక్టీరియా పని. గుల్లలు మరీ కిక్కిరిసిపోతే అడుగున విసర్జన పేరుకుని, పైపొరలో ఉన్న ఆ కాస్త గాలీ పోయి, నైట్రేట్ తయారవడమే ఆగిపోతుంది. అప్పుడు బురద నుంచి అమ్మోనియా తిరిగి పైకి వస్తుంది. సాన్‌ఫ్రాన్సిస్కో ఖాతంలో 1986లో ఆసియా నుంచి ఓడల నీళ్ళలో వచ్చి పడిన ఒక చిన్న గుల్ల, కొన్నేళ్ళలోనే ఉత్తరపు వైపు నీళ్ళలో నాచునంతా ఊడ్చేసి, దాని మీద బతికే చిన్న ప్రాణుల్ని పస్తులు పెట్టింది. వడకట్టడం ఎక్కడైనా మంచిదే అని రాసేసే వ్యాసాలు ఈ కథని వదిలేస్తాయి.

గుల్లలు పోతే ఏమవుతుందన్నదానికి అందరూ చెప్పేది అమెరికాలో చెసపీక్ ఖాతం. 1870కి ముందున్న ఆయిస్టర్లు ఆ ఖాతం నీళ్ళన్నిటినీ మూడు నాలుగు రోజుల్లో వడకట్టగలిగేవని, మిగిలిన వాటికి దాదాపు ఏడాది పడుతుందని రోజర్ న్యూవెల్ 1988లో లెక్క వేశాడు. లెక్క మరీ ఉదారంగా ఉందని తర్వాత వాదించినవాళ్ళూ ఉన్నారు. పోయిన సంగతి మాత్రం ఎవరూ కాదనరు. మన దగ్గర గుల్లల్ని తినడం కంటే కాల్చడం ఎక్కువ. గుల్ల సున్నం గోడలకి, తాంబూలానికి. మాంసం కొంత రొయ్యల పెంపకానికి. చిప్ప తీసుకెళ్ళడంలో ఒక చిక్కుంది: ఆయిస్టర్ పిల్లలకి అతుక్కోవడానికి గట్టి చోటు కావాలి, వాటికి అన్నిటికంటే నచ్చే చోటు పెద్దల చిప్పే. చిప్పలు తీసేస్తే రేపటి తరానికి ఇల్లు తీసేసినట్టే. అలాగని పాటు వేళ నడుంలోతు నీళ్ళలో దిగి, కాళ్ళతో బురద తడుముతూ గుల్లలు ఏరుకునే వాళ్ళని దోషుల్ని చేయడం నాకు ఇష్టం లేదు. ఈ మొత్తం వ్యవహారంలో రోజు కూలి కంటే ఎక్కువ లాభపడనిది వాళ్ళే.

ఇక్కడిదాకా వచ్చాక, చదువుకున్నవాళ్ళు ఒక వాదన తీస్తారు. గుల్లలు మనకి సేవ చేస్తున్నాయి, ఆ సేవకి విలువ కట్టండి, అప్పుడు కాపాడటం లాభసాటి అని తెలుస్తుంది. 1997లో రాబర్ట్ కోస్టాంజా, అతని తోటివాళ్ళు ప్రపంచంలోని ప్రకృతి సేవలన్నిటికీ కలిపి ఏడాదికి సుమారు 33 లక్షల కోట్ల డాలర్లని ధర కట్టారు. చెసపీక్‌లో ఆయిస్టర్ సాగుని నైట్రోజన్ తగ్గించే పద్ధతుల లెక్కలో చేర్చారు. అధికారుల ముందు ఈ వాదన పనిచేస్తుంది, కాబట్టి అవసరమే. నాకు మాత్రం ఇది గుల్లకి కూలీ కార్డు ఇచ్చినట్టుంటుంది. మురుగు శుద్ధి చేసే యంత్రం ఇంకా చౌకగా వస్తే? అప్పుడు కూలీని మాన్పించేయడమే కదా. పైగా గుల్లకి మనకి సేవ చేస్తున్నానన్న ఊహే లేదు. అది అన్నం తింటోంది. మనం చూసి, నా అంట్లు తోముతోంది, ఎంత మంచిది, అనుకుంటున్నాం.

రెండో వాదన నొప్పిది. పీటర్ సింగర్ 1975లో జంతువుల విముక్తి గురించి పుస్తకం రాసినప్పుడు, మనం లెక్కలోకి తీసుకోవలసిన ప్రాణుల గీత రొయ్యకీ ఆయిస్టర్‌కీ మధ్య ఎక్కడో గీశాడు. రొయ్యకి బాధ తెలుస్తుందేమో, ఆయిస్టర్‌కి తెలియకపోవచ్చు. 1990 నాటి కూర్పులో ఆ గీత మీద తనకే నమ్మకం చాలక, తినకపోవడమే మేలన్నాడు. ఆ తడబాటు నాకు నచ్చుతుంది. అయితే ఈ లెక్కలో ఉన్నది ఒక్కొక్క గుల్ల. మనం మాట్లాడుతున్నది మేట గురించి, వందల ఏళ్ళుగా చిప్ప మీద చిప్ప పేరుకున్న ఒక ఉనికి గురించి. దానికి నొప్పి లేదు. దానికి హాని ఉంది. నొప్పి లేనిదానికి హాని చేస్తే తప్పా అంటే, సింగర్ గీత దగ్గర జవాబు లేదు.

పాలోళ్ళ దగ్గర ఉంది. పాలోడు మనకి సేవ చేస్తున్నాడని కాదు వాడికి వాటా ఇచ్చేది. వాడికి నొప్పి పుడుతుందనీ కాదు. ఒకే ఆస్తి మీద ఇద్దరం బతుకుతున్నాం గనక. వాడు మంచోడవ్వక్కర్లేదు, గుంభనంగా ఉండొచ్చు, మనమెవరో కూడా తెలియకపోవచ్చు. ఇదేదో కొత్త తత్వం కాదు, చెరువు కింద సేద్యం చేసిన ప్రతి ఊరికీ తెలిసిన సంగతి. తూము దగ్గర నీరుగంటి ఉండేవాడు. పై మడికి ఎంత, చివరి మడికి ఎంత అని వంతు వేసేవాడు. పైవాడు దౌర్జన్యంగా గండి కొడితే ఊరంతా వాణ్ణి తప్పుపట్టేది. చివరి మడివాడు ఏం పండిస్తాడు, ఊరికేం లాభం అని ఎవరూ అడగలేదు. నాగార్జునసాగర్ కుడి కాలువ చివర ఉన్న జిల్లా మాది. చివరి ఆయకట్టు అంటే ఏమిటో ప్రకాశంవాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. మరి ఏటికి చివరి మడి ఏది? మొగ.

ఇదంతా తర్లుపాడు వైపు ఉండే మా బాబాయికి చెబితే, మొదట నవ్వాడు.

“ఏందబ్బయ్యా, నత్తగుల్లలకి నీళ్ళొదలమని రాస్తన్నావా? ఈడ మనకి తాగను లేవు.”

నత్తగుల్లలు కాదు బాబాయ్, వేరే గుల్లలు అన్నాను. ఆయనకి ఆ తేడా పెద్దగా పట్టలేదు.

“వాటా అంటన్నావు గదా. వాటా ఉంటే కోర్టుకి రమ్మను. పాలోడన్నాక కాయితం ఉండాల.”

కాయితం ఉంది, ఒక రకంగా. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణ నీళ్ళు పంచినప్పుడు మూడు రాష్ట్రాలకే పంచింది, నదికంటూ ఏమీ పెట్టలేదు. 2010లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ మాత్రం నది పారడానికని 16 టీఎంసీలు విడిగా రాసింది. మొత్తం పంచుకున్న లెక్క 2,578 టీఎంసీలు. అంటే నదికి వచ్చింది నూటికి ఒకటి కూడా కాదు. ఆ తీర్పూ కోర్టుల్లో చిక్కుకుంది. ఈలోగా 2001 నుంచి 2004 దాకా వానల్లేని ఏళ్ళలో కృష్ణ దాదాపుగా సముద్రానికి చేరనే లేదు. బాబాయికి 16 సంగతి చెబితే, “వాడికీ మనలాగే ఇచ్చారన్నమాట” అన్నాడు. నవ్వకుండానే అన్నాడు.

వెలిగొండ నీళ్ళు రావొద్దని నేను అనలేను. ఫ్లోరైడ్ నీళ్ళు తాగే ఊరికి కృష్ణ నీళ్ళు రావాలి. మొగలో మేట కంటే ఆ ఊరి పిల్లల ఎముకలు ముందు, ఇందులో నాకు ఊగిసలాట లేదు. పాలోళ్ళ మధ్య కూడా కరువొస్తే ఒకడి వాటా ఇంకొకడు వాడుకుంటాడు, అడిగి. నాకు ఇబ్బంది ఎక్కడంటే, మనం అడగాల్సిన అవసరం లేకుండా చేసుకున్నాం. ‘వృథాగా పోయేవి’ అన్నాక ఇక తీసుకున్నట్టే ఉండదు, రక్షించినట్టు ఉంటుంది. అవసరం కొద్దీ తీసుకుంటున్నాం అంటే, ఎంత అవసరం అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. తాగడానికా, కందికా, వరికా, ఇంకో రొయ్యల చెరువుకా? వృథా నీళ్ళకి ఆ ప్రశ్న పుట్టదు. ఫైళ్ళ భాషలో వీటి పేరు ‘మిగులు జలాలు’. ఎవరికి మిగిలినవో చెప్పని మాట.

మొగకి కావలసింది ఇన్ని టీఎంసీలని సూటిగా లెక్కగట్టి చెప్పడమూ కుదరదు. వానాకాలంలో కొత్తనీరు రావాలి, మెల్లిగా. అసలు రాకపోతే ఉప్పదనం పెరిగిపోతుంది, చిన్న ఏర్లకైతే ఇసుక మేట వేసి మొగే మూసుకుపోతుంది. ఆనకట్టలో నెలలు ఆపి, తుఫాను రోజు గేట్లన్నీ ఒక్కసారి ఎత్తితే, ఉప్పు ఒక్కసారిగా పడిపోయి గుల్లలు అక్కడికక్కడే చస్తాయి. అవి చేపల్లా పారిపోలేవు. ఒండ్రుమట్టిని, దానితో వచ్చే సిలికాని ఆనకట్ట పట్టుకుంటుంది. యూరియా కరిగి ఉంటుంది కాబట్టి దాటిపోతుంది. కిందికి చేరేసరికి నీళ్ళు తగ్గి, ఎరువు పాలు పెరిగి ఉంటాయి.

వెలిగొండ నీళ్ళు వచ్చాక మార్కాపురం, గిద్దలూరు మెట్టల్లో వేసే పైర్లు మారతాయి. కంది ఉన్న చోట మిరప వస్తుంది, మిరపతో బస్తాలు వస్తాయి. పొలాల్లోంచి ఊటగా, మురుగుగా దిగిన నీళ్ళు వాలుని బట్టి కొన్ని గుండ్లకమ్మలోకి, కొన్ని సగిలేరులోకి పోతాయి. హంసలదీవి దగ్గర కడలిలో కలవాల్సిన కృష్ణ నీళ్ళలో కొంత భాగం అలా నల్లమల కింది నుంచి వచ్చి, మా పొలాల్లో తిరిగి, మా ఎరువు కలుపుకుని, ఒంగోలు దగ్గరా నెల్లూరు దగ్గరా తేలుతుంది. ఇటు వచ్చే నీళ్ళకి కాలువ కాలువకీ కొలత ఉంది. అటు పోయేవాటిలో ఏం పోతోందో మల్లవరం గేట్ల కింద కూడా కొలవొచ్చు. పెద్ద ఖర్చేమీ కాదు.